కృపానందం గారి ప్రథమ ఫలం

మా షాపు గవర్నర్‌పేటలో ఒక ఫ్యాన్సీ సామాన్ల హోల్‌సేల్ కొట్టు పైన, మేడమెట్లు ఎక్కగానే ఎడమ చేతి గది. పాన్ కార్డులు, ఆధార్‌లో తప్పులు, పీఎఫ్ క్లెయిములు, షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతాలు, అన్నీ చేస్తాను. పద్దెనిమిదేళ్ళుగా ఇదే బతుకు. "నజీమా మేడం దగ్గరికెళ్తే పనయిద్ది, కాకపోతే నాలుగు మాటలు పడాలి" అని జనం చెప్పుకుంటారట. వంద రూపాయలకి పని చేయించుకుంటూ ఒక్క మాట కూడా పడమంటే ఎలా కుదురుతుంది?

నా చేత అందరికంటే ఎక్కువ మాటలు పడ్డ మనిషి కృపానందం గారు. ఒక్కసారి కూడా తిరిగి ఏమీ అనలేదు. తలుచుకుంటే నాకే కాస్త సిగ్గుగా ఉంటుంది. అందుకే ఆయన సంగతి నేనే చెబుతున్నాను.

ఆయన పామర్రు దగ్గర మత్స్యవాహిని ఫీడ్స్ అనే రొయ్యల మేత కంపెనీలో మిషను ఆపరేటరు. ఒక వైపు నుంచి పిండి పోస్తే రెండో వైపు నుంచి సేమియా ముక్కల్లాంటి మేత రాలే మిషను అది. దాని పక్కన ఇరవై ఏడేళ్ళు నిలబడ్డారు. ఆయన మా గదికి వచ్చి వెళ్ళాక ఒక అరగంట దాకా ఎండు చేపల వాసన పోయేది కాదు. కంపెనీ పెరిగి పెద్దదై షేర్ మార్కెట్‌కి వెళ్ళింది. ముప్పై ఏళ్ళ పండుగ చేసుకున్న రోజున, పాతికేళ్ళ సర్వీసు దాటిన పర్మనెంటు వర్కర్లు పద్నాలుగు మందికి తలా పది షేర్లు బహుమతిగా ఇచ్చింది. కాంట్రాక్టు మీద పనిచేసే మిగతా నాలుగొందల మందికీ తలా ఒక స్వీట్ల పెట్టె ఇచ్చింది. ఛైర్మన్ గారు మైకు ముందు నిలబడి, "ఇవాళ్టి నుంచి మీరు పనివాళ్ళు కాదు, ఈ కంపెనీకి ఓనర్లు" అన్నారట. పదమూడు మంది చప్పట్లు కొట్టి ఊరుకున్నారు. పద్నాలుగో ఆయన నమ్మారు.

షేర్లు చేతికి రావాలంటే డీమ్యాట్ ఖాతా ఉండాలి కదా. కంపెనీ హెచ్.ఆర్. మేనేజరు చక్రి గారు ఆ పద్నాలుగు మందినీ నా దగ్గరికే పంపారు. ఖాతా తెరిచాను, షేర్లు పడ్డాయి, పడ్డాయని చెప్పాను. కృపానందం గారు కుర్చీలోంచి లేవలేదు.

"కాయితం ఏదమ్మా?" అన్నారు.

"కాగితం ఉండదండీ. అంతా కంప్యూటర్లోనే."

"మా అత్తగారి అరెకరానికే పాసుబుక్కు ఉంది నజీమమ్మా. కంపెనీకి ఓనర్ని, కాయితం లేకపోతే ఎట్టా?"

ఒక ప్రింటు తీసి ఇచ్చాను. కిందికి వెళ్ళి దానికి లామినేషన్ చేయించుకుని, మళ్ళీ మెట్లెక్కి వచ్చి నాకు చూపించి మరీ వెళ్ళారు. ఇంట్లో బైబిలు వాక్యం పటం పక్కన మేకు కొట్టి తగిలించారని వాళ్ళావిడ స్టెల్లా గారు ఫోన్‌లో చెప్పారు. "ఇంటికొచ్చినోళ్ళకి ముందు మంచినీళ్ళు ఇస్తామండీ. ఈయన ముందు ఆ కాయితం చూపిస్తన్నాడు" అన్నారు.

ఆ తర్వాతి సంగతులన్నీ నాకు లాజరు వల్ల తెలిశాయి. లాజరుదీ కృపానందం గారి వీధే, ఆ చర్చే, ఆ కంపెనీయే. కాకపోతే కాంట్రాక్టు. పదకొండేళ్ళుగా మేత బస్తాలు లారీకెక్కిస్తున్నాడు. ముగ్గురు కాంట్రాక్టర్లు మారేసరికి అతని పీఎఫ్ మూడు నంబర్ల మీద, మూడు రకాల ఇంటిపేర్లతో పడింది. దాన్ని ఒక్కచోటికి చేర్చడానికి నెలకోసారి నా దగ్గరికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నవ్వుకుంటూ ఓనరు గారి ముచ్చట్లు చెప్పేవాడు.

షేర్లు వచ్చిన మర్నాటి నుంచి కృపానందం గారు భోజనాల గదిలో ఎవరూ లేకుండా తిరిగే ఫ్యాన్లు ఆపడం మొదలుపెట్టారట. మిషను కింద రాలిన మేత గుప్పెళ్ళతో ఎత్తి మళ్ళీ పోసేవారట. టీ తాగే టైము పది నిమిషాల నుంచి పన్నెండు నిమిషాలయితే, "మన సొమ్మేనయ్యా పోయేది" అని గుర్తు చేసేవారట. ఇవన్నీ అయినా సరిపెట్టుకోవచ్చు. షిఫ్టు అయిపోయాక మిషను దగ్గర గంటో రెండు గంటలో అదనంగా ఉండాల్సివస్తే, అందరూ ఓవర్‌టైం స్లిప్పు రాసి సూపర్‌వైజరుకి ఇస్తారు. ఈయన రాయడం మానేశారు.

"అదేంటండీ, కష్టపడ్డ డబ్బులు వదులుకుంటారా?" అని ఫోన్‌లో గట్టిగానే అడిగాను.

"మన కంపెనీకి మనమే బిల్లు రాసుకుంటే బాగోదు కదమ్మా" అన్నారు.

పది షేర్ల ఓనరుకి ఉన్నంత మొహమాటం ప్రపంచంలో ఇంకే ఓనరుకైనా ఉందేమో నాకు తెలియదు. నా దగ్గరికి లక్షల షేర్ల వాళ్ళు కూడా వస్తారు. సర్వీసు ఛార్జీలో ఇరవై రూపాయలు తగ్గించమని అరగంట కూర్చుంటారు.

వాళ్ళ చర్చిలో ఒక ఆచారం ఉంది. ఇంట్లోకి కొత్తగా ఏది వచ్చినా దాని మొదటి ఫలం దేవుడిది. కొబ్బరిచెట్టు తొలి గెల, గేదె ఈనితే తొలి వెన్న, కూతురికి ఉద్యోగం వస్తే తొలి జీతం. షేర్లు కూడా ఇంట్లోకి కొత్తగా వచ్చినవే కదా. వాటి ప్రథమ ఫలం సంఘానికి ఇస్తానని కృపానందం గారు చర్చిలో లేచి మాటిచ్చారు. అంతవరకు బాగానే ఉంది. ఎంతని చెప్పలేదు.

మే నెలాఖరులో పేపర్లో పడింది. మత్స్యవాహినికి రికార్డు లాభాలు, వాటాదారులకు నూట యాభై శాతం డివిడెండ్. కృపానందం గారికి షేరు రేటు కంఠతా వచ్చు. రోజు మార్చి రోజు ఫోన్ చేసి కనుక్కునేవారు కాబట్టి. ఆరొందల నలభై. దానికి నూట యాభై శాతమంటే తొమ్మిదొందల అరవై. పది షేర్లకి తొమ్మిది వేల ఆరొందలు. పాల ప్యాకెట్లు రాసుకునే క్యాలెండరు మీదే లెక్క తేల్చేశారు. తర్వాత నన్ను అడుగుదామని ఫోన్ చేశారు. అప్పుడు నేను చల్లపల్లిలో మా చెల్లెలు తబస్సుం కూతురి పెళ్ళిలో ఉన్నాను. ఫోన్ ఎక్కడ పెట్టానో నాకే తెలియదు. ఆ ఒక్క ఫోన్ ఎత్తి ఉంటే ఈ కథే లేదు. ఆ తప్పు నాది.

ఆదివారం చర్చిలో ఆయన లేచి, "తొమ్మిది వేల ఆరొందలు వస్తాయి, మొత్తం దేవుడికే" అని చెప్పేశారు. చర్చి నిండా ఎండాకాలపు ఉక్క. ఉన్నవి రెండు ఫ్యాన్లు, అందులో ఒకటి శబ్దానికే తప్ప గాలికి పనికిరాదు. సంఘపెద్ద జాన్సన్ గారు ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరైన మనిషి, ఏ పనినీ రేపటికి వాయిదా వెయ్యరు. ప్రహరీ గోడ కోసం దాచిన డబ్బులోంచి తీసి, బుధవారానికల్లా నాలుగు ఫ్యాన్లు కొనేశారు. డబ్బు రాగానే గోడ నిధిలో తిరిగి వెయ్యాలని మాట. ఫ్యాన్ ఇచ్చినవాళ్ళ పేరు రెక్కల మీద రాయించడం ఎక్కడైనా ఉన్నదే. పెయింటరు ఒక రెక్క మీద "మత్స్యవాహిని ఫీడ్స్ ఓనరు" అని, రెండో దాని మీద "శ్రీ కె. కృపానందం గారి" అని, మూడో దాని మీద "ప్రథమ ఫలం" అని ఎర్ర రంగుతో రాశాడు. అలా నాలుగు ఫ్యాన్లకీ. తిరుగుతున్నప్పుడు ఎవరికీ కనపడదు. కరెంటు పోయినప్పుడల్లా సంఘమంతా తలలెత్తి చదివేవారు. ఆ ఎండాకాలం కరెంటు బాగానే పోయింది.

సెప్టెంబరు చివర్లో ఒక మంగళవారం కృపానందం గారు బస్సెక్కి వచ్చి నా ముందు కూర్చుని ఫోన్ చూపించారు. బ్యాంకు మెసేజి. మత్స్యవాహిని డివిడెండ్, ముప్పై రూపాయలు జమ.

"సున్నాలు ఎక్కడో పడిపోయినట్టున్నయ్యమ్మా, కాస్త చూడు" అన్నారు.

చెప్పక తప్పలేదు. "డివిడెండ్ శాతం మార్కెట్ రేటు మీద కట్టరండీ. షేరు మొదట్లో పుట్టినప్పుడు దాని మీద రాసిన ధర ఒకటి ఉంటుంది. మీ కంపెనీ షేరుకి అది రెండు రూపాయలు. నూట యాభై శాతమంటే మూడు రూపాయలు. పది షేర్లకి ముప్పై."

"మరి ఆరొందల నలభై?"

"అది మీరు అమ్మితే కొనేవాడు ఇచ్చేది. కంపెనీ ఇచ్చేది కాదు."

"మరి అంత లాభం వచ్చిందన్నారు, అదెక్కడికి పోయిందమ్మా?" అన్నారు.

"సగం కంపెనీలోనే ఉంచుకుంటారు. మిగతాది పంచుతారు. ఛైర్మన్ గారి ఇంట్లో వాళ్ళకి మూడు కోట్ల షేర్లు ఉన్నాయి. వాళ్ళకీ షేరుకి మూడు రూపాయలే ఇచ్చారు, మీకిచ్చినట్టే" అన్నాను, కాస్త వెటకారంగానే.

"అయితే తేడా చూపించలేదన్నమాట" అన్నారు కృపానందం గారు తృప్తిగా.

నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు. ఎవరి మీదో తెలియక ఆయన మీదే చూపించాను. "ముప్పై రూపాయలకి రెక్క మీద మీ పేరులో మొదటి అక్షరం వస్తుందేమో, మిగతాది చెరిపించండి" అన్నాను. ఆయన నా టేబుల్ మీది సీసాలో నీళ్ళు తాగి, మూత బిగించి, సీసాని ఎక్కడున్నదో అక్కడే పెట్టారు. మాట అన్నందుకు నాలుక కొరుక్కున్నాను. యాభై నాలుగేళ్ళ మనిషి, సంఘమంతటి ముందు దేవుడికి మాటిచ్చాడు. ఆ మాట నాలుగు ఫ్యాన్ల మీద ఎర్రగా రాసి ఉంది. నేనేమో వేళాకోళం చేస్తున్నాను.

"పదీ అమ్మేద్దామండీ. ఆరువేల నాలుగొందలు వస్తాయి. రెండు నిమిషాల పని. నా కమిషన్ కూడా వద్దు. మిగతా మూడువేలు స్టెల్లా గారితో కలిసి ఎలాగో సర్దుకోండి" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "ప్రథమ ఫలం ఇస్తానన్నా గానీ, చెట్టు కొట్టి ఇస్తానన్లేదు గదమ్మా." మళ్ళీ ఆయనే అన్నారు. "ఇరవయ్యేడేళ్ళలో నా పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా ఎక్కలా. ఈ షేర్ల కాయితం మీద ఎక్కింది. ఇది కూడా అమ్మేస్తే నేను మళ్ళీ ఉత్త మిషను కాడి మనిషినే."

ఆ రోజు ఆయన్ని డబ్బులు అడగలేదు. మెట్ల దాకా వెళ్ళినాయన వెనక్కొచ్చి, తనే గుర్తుచేసి, టేబుల్ మీద ఇరవై పెట్టి వెళ్ళారు.

డిసెంబరు మొదటి ఆదివారం వాళ్ళ కోత పండుగ. కోతలవగానే పండినదాంట్లోంచి కొంత తెచ్చి చర్చిలో పెట్టి, వాటిని అక్కడే వేలం వేస్తారు. స్టెల్లా గారు పిలిచారని నేనూ వెళ్ళాను. ధాన్యం బస్తాలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, కొబ్బరి గెలలు, ఒక బాతు, చెరుకు గడలు. ఆ ఉదయం కరెంటు లేదు. నాలుగు ఫ్యాన్లూ ఆగి ఉన్నాయి. నేను కూడా తలెత్తి చదివాను.

దేవుడు తమకి చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి సాక్ష్యంగా చెప్పుకునే సమయంలో కృపానందం గారు లేచారు. ఆయన చేతిలో ఒక గుమ్మడికాయ ఉంది, చిన్నదే.

"నేను లెక్క తప్పు చెప్పానండీ" అన్నారు. "తొమ్మిదివేల ఆరొందలు కాదు, ముప్పై రూపాయలు వచ్చింది. దానితో ఈ కాయ కొన్నా. ఇదే ప్రథమ ఫలం. మిగతాది ఎట్టాగైనా నేను తీరుస్తా. అందాకా పైన రాసింది చదవొద్దని మనవి."

ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒక ముసలమ్మ మాత్రం, తలెత్తి చూస్తున్న మనవరాలి తల పట్టుకుని కిందికి వంచింది.

జాన్సన్ గారు గుమ్మడికాయని బల్ల మీదికెత్తారు. "కంపెనీ కాయ, పాట ముప్పై" అన్నారు. వెంటనే లాజరు "వంద" అన్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. లాజరు వచ్చి వంద కానుకల పెట్టెలో వేసి, కాయని తీసుకుని, మళ్ళీ బల్ల మీదే పెట్టి వెళ్ళాడు. పాట మళ్ళీ మొదలైంది. ఊడ్పులకి, కోతలకి వెళ్ళే ఆడవాళ్ళు నలుగురు కలిసి రెండొందలు పాడారు. నాకూ ఊపొచ్చి రెండొందల యాభై పాడాను. డబ్బు వేసి, కాయని నా సంచిలో పెట్టుకుని కూర్చున్నాను. చర్చి అంతా నన్నే చూస్తోంది. స్టెల్లా గారు చెవిలో, "తిరిగిచ్చెయ్యాలి మేడం, ఇంటికి తీసుకుపోగూడదు" అన్నారు. జీవితంలో మొదటిసారి నేను ఇంకొకరి చేత మాట పడ్డాను. లేచి వెళ్ళి బల్ల మీద పెట్టేశాను.

ఆ కాయ అలా పదకొండు సార్లు అమ్ముడుపోయింది. నేను రోజూ చూసే బజారు కూడా ఇదే కదా అనిపించింది. అక్కడా ఒకే షేరు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేతులు మారుతుంది. కాకపోతే అక్కడ అమ్మిన ప్రతివాడూ తన లాభం తన జేబులో వేసుకుంటాడు, నాలాంటి వాళ్ళు మధ్యలో కమిషన్ తీసుకుంటారు. మేత చేసినవాడికీ బస్తా మోసినవాడికీ అందులోంచి పైసా రాదు. ఇక్కడ ఎన్నిసార్లు అమ్మినా డబ్బంతా ఒకే పెట్టెలో పడుతోంది. నా కమిషన్ సంగతి గుర్తొచ్చి సంచి జిప్పు సర్దుకున్నాను.

ఆఖరి పాట స్టెల్లా గారు పాడి కాయని చంకనెత్తుకున్నారు. మొత్తం రెండువేల తొమ్మిదొందల అరవై. కాయ డబ్బు ఫ్యాన్లకే జమ అని జాన్సన్ గారు ప్రకటించారు. ఇంకా ఆరువేల పైచిలుకు మిగిలింది.

చర్చి ఆవరణలో భోజనాలు. స్టెల్లా గారు ఆ కాయని అప్పటికప్పుడు కోసి దప్పళంలో వేయించారు. పాడిన వాళ్ళందరికీ తలా ఒక ముక్క వచ్చేలా ఆవిడే గరిటె పట్టుకుని వడ్డించారు. లాజరు ముక్కని వేలితో పక్కకి జరిపి చూసుకుని నవ్వాడు.

"పదకొండేళ్ళకి కంపెనీ లాభంలో నాకు ముట్టిన వాటా ఇదేనయ్యా ఓనరు గారూ" అన్నాడు.

అందరూ నవ్వారు. లాజరు మామూలుగానే అన్నాడు, మనసులో ఏమీ పెట్టుకుని కాదు. కృపానందం గారు మాత్రం కలుపుతున్న చెయ్యి ఆపేశారు. "స్వీటు పెట్టె ఇచ్చారుగా" అనబోయి మానేసినట్టు నాకనిపించింది. తర్వాత నిదానంగా, "నీకు ఓవర్‌టైం ఇస్తన్నారా లాజరూ?" అని అడిగారు.

"కాంట్రాక్టరు దయండీ. స్లిప్పు రాసే హక్కు మాకేడుంది? మీకుంది, మీరు రాయరు" అన్నాడు లాజరు, ముక్క నోట్లో వేసుకుంటూ.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. వారం తర్వాత పీఎఫ్ కాగితాలు తీసుకుని నా దగ్గరికొచ్చిన చక్రి గారే చెప్పారు. గురువారం పొద్దున్నే కృపానందం గారు ఆయన గది ముందు నిలబడ్డారట. చేతిలో, షేర్లు వచ్చిన జనవరి నుంచి రాయని ఓవర్‌టైం స్లిప్పులన్నీ, గేటు దగ్గర వేలిముద్ర మిషనులో పడ్డ టైములతో సరిచూసి వరసగా రాసినవి ఉన్నాయి. ముప్పై ఒక్క గంటలు. కింద ఇంకో కాగితం. లోడింగ్ మనుషులకి కూడా ఓవర్‌టైం స్లిప్పు ఇవ్వాలని అర్జీ, పద్నాలుగు మంది పర్మనెంటు వర్కర్ల సంతకాలతో.

"ఇదేంటి కృపానందం గారూ, మీరు ఓనరు కదా, కంపెనీ మీద క్లెయిము పెడుతున్నారేంటి?" అని చక్రి గారు నవ్వుతూ అన్నారట.

కృపానందం గారు నవ్వలేదట. చేతులు కట్టుకుని, ఎప్పటిలాగే మర్యాదగా చెప్పారట.

"ఓనరుగా నాకు రావాల్సిన ముప్పై రూపాయలు ముట్టినయ్యండి. పనివాడిగా రావాల్సింది ఇంకా రాలేదు. అది ఇప్పించండి."